నూటొక్క ఓటముల నాన్న

35 గెలుపులు. 101 ఓటములు. మరో మూడు ఆటలు ఎటూ తేలలేదు.

అమెరికన్ ఫుట్‌బాల్‌లో అత్యున్నత పోటీ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 1971 నుంచి 1984 దాకా ఆడిన ఆర్చీ మానింగ్ జమాఖర్చు ఇది. అన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆయన ఉన్న జట్టు నాకౌట్ దశకు చేరలేదు. ఈ అంకెలు మాత్రమే చూసినవాళ్లు పాపం అని ఊరుకుంటారు.

కానీ ఇవాళ అమెరికాలో ఆ ఆట చూసే ఏ ఇంట్లోనైనా ‘మానింగ్’ అన్న ఇంటిపేరు తెలియనివాళ్లుండరు. ఇద్దరు కొడుకులు చెరో రెండు సూపర్‌బౌల్స్ గెలిచారు. మనవడు టెక్సస్ యూనివర్సిటీ జట్టును నడిపించే స్థాయికి ఎదిగాడు. న్యూజెర్సీలో పుట్టి పెరిగిన మన తెలుగు పిల్లల్ని కదిపినా చిన్న కొడుకు ఈలై గురించి గడగడా చెబుతారు. అతను పదహారేళ్లు ఆడింది వాళ్ల ఇళ్లకు దగ్గర్లోని స్టేడియంలోనే మరి.

తండ్రి ఓడాడు, కొడుకులు గెలిచారు అని ఒక్క ముక్కలో తేల్చెయ్యొచ్చు. అలా తేల్చేస్తే ఆ ఇంట్లో జరిగిందేమిటో తెలియదు.

ముందు ఆట సంగతి రెండు మాటల్లో. పేరు ఫుట్‌బాలే అయినా ఇందులో కాలికంటే చేతికే పని ఎక్కువ. బంతి రెండు కొసలూ కోసుగా ఉంటుంది. జట్టుకు పదకొండు మంది. నాలుగు ప్రయత్నాల్లో కనీసం పది గజాలు ముందుకెళ్లాలి, లేదంటే బంతి అవతలి జట్టు చేతికి పోతుంది. ప్రతి ప్రయత్నంలోనూ బంతి మొదట అందేది క్వార్టర్‌బ్యాక్‌కి. ఎవరికి విసరాలో అతను రెండు మూడు సెకన్లలో తేల్చుకోవాలి. ఈలోగా నూటపాతిక కిలోల మనుషులు నలుగురైదుగురు అతని మీద పడటానికి వస్తుంటారు. కబడ్డీలో కూతకెళ్లినవాణ్ని చుట్టుముట్టినట్టే, కాకపోతే ఇక్కడ వెనక్కి పరిగెత్తి గీత తాకితే సరిపోదు. పదకొండు మంది ఆడినా గెలుపోటముల లెక్క మాత్రం అతని పేరునే రాస్తారు. ఇది న్యాయమా అంటే కాదనే చెప్పాలి. ఆర్చీ విషయంలో అసలే కాదు.

పత్తి చేల మధ్య పల్లెటూరు

ఆయన పుట్టింది 1949లో, మిసిసిపీ రాష్ట్రంలోని డ్రూ అనే చిన్న ఊళ్లో. చుట్టూ పత్తి చేలు. తండ్రి బడ్డీ మానింగ్‌కు వ్యవసాయ యంత్రాలు అమ్మే దుకాణం ఉండేది. రైతు చేతిలో డబ్బాడితేనే ఆ దుకాణంలో డబ్బాడుతుంది. ఆ కష్టం మన పల్లెల్లో ఎరువుల కొట్టు నడిపే ఎవరికైనా చెప్పకుండానే అర్థమవుతుంది. బడ్డీ కొడుకును వాటేసుకుని ముద్దుచేసే రకం కాదు. ప్రేమ లేక కాదు, ఆ తరం తండ్రులంతే. కొడుకు ఆటలకు వెళ్లడానికి కూడా ఆయనకు తీరిక అంతగా దొరికేది కాదు.

ఆర్చీ మిసిసిపీ యూనివర్సిటీలో చేరాడు. ‘ఓల్ మిస్’ అని అక్కడివాళ్లు ముద్దుగా పిలుచుకునే ఆ కాలేజీ జట్టుకు రెండో ఏడాదే క్వార్టర్‌బ్యాక్ అయ్యాడు. 1969 ఆగస్టులో సెలవులకు ఇంటికొచ్చాడు. అందరూ ఒక పెళ్లికి వెళ్లారు. ఆర్చీ మిగతావాళ్లకంటే ముందు ఇల్లు చేరాడు. లోపల తండ్రి చనిపోయి ఉన్నాడు. ఆత్మహత్య.

అప్పటికి కుర్రాడి వయసు ఇరవై. అమ్మ, సోదరి వచ్చేలోపు వాళ్ల కంట అది పడకూడదనుకున్నాడు. చెయ్యాల్సినవన్నీ చేశాడు, గదిని కూడా శుభ్రం చేయించాడు. ఈ సంగతిని ఆయన చాలా ఏళ్ల తర్వాత, 2013లో వచ్చిన ‘ద బుక్ ఆఫ్ మానింగ్’ అనే డాక్యుమెంటరీలో చెప్పాడు. అప్పటికి ఆయనకు అరవై దాటాయి.

చదువూ ఆటా మానేసి ఇల్లు చూసుకుంటానన్నాడు. తల్లి ఒప్పుకోలేదు, కాలేజీకి తిరిగి పంపింది. ఆ అక్టోబరు 4న అలబామా జట్టుతో ఆట. కాలేజీ ఫుట్‌బాల్‌ను రాత్రి వేళ దేశమంతటికీ టీవీలో చూపించడం అప్పుడే మొదలు. ఆర్చీ విసిరి 436 గజాలు, పరిగెత్తి 104 గజాలు సాధించాడు. ఒక్క ఆటగాడు ఒకే రాత్రి 540 గజాలు సాధించడం అప్పట్లో చాలా అరుదు. అయినా ఓల్ మిస్ ఓడిపోయింది. 33-32. ఒక్కటంటే ఒక్క పాయింటు.

మిగతా జీవితానికి అది ముందస్తు కబురులాంటిదని అప్పుడెవరికి తెలుసు!

ఆయన కాలేజీలో ఉన్నంతకాలం మిసిసిపీలో ఎంత అభిమానం పొందాడంటే, ఆ యూనివర్సిటీ ఆవరణలో బళ్ల వేగానికి పరిమితి ఇప్పటికీ గంటకు 18 మైళ్లు. ఆయన చొక్కా మీది అంకె అది. 1971లో తన కాలేజీలోనే చదివిన ఒలీవియాను పెళ్లి చేసుకున్నాడు. ఆ ఏడాదే న్యూ ఓర్లీన్స్ సెయింట్స్ జట్టు ఆయన్ని దేశం మొత్తంలో రెండో ఎంపికగా తీసుకుంది.

నెత్తిన కాగితం సంచులు

ఆ జట్టు గురించి ఎంత చెప్పినా తక్కువే. కోచ్‌లు మారుతూనే ఉన్నారు. ఆర్చీకి అడ్డు నిలబడి కాపాడాల్సినవాళ్లు కాపాడలేకపోయేవాళ్లు. ఆదివారం ఆడటం, దెబ్బలు తినడం, సోమవారం మంచు ముక్కలతో కాపడం. భుజం దెబ్బతిని 1976లో ఏడాదంతా ఆడనే లేదు. ఆయన సెయింట్స్‌తో ఉన్నన్నాళ్లూ జట్టుకు మంచి ఏడాది అంటే 1979. అప్పుడు కూడా ఎనిమిది గెలిచి ఎనిమిది ఓడింది. అయినా 1978, 79ల్లో దేశంలోని మేటి ఆటగాళ్లతో ఆడే ప్రోబౌల్‌కు ఆయన్ని ఎంపిక చేశారంటే మిగతావాళ్లకు నిజం తెలిసే ఉంటుంది.

1980 సంగతి వేరు. వరసగా పద్నాలుగు ఓటములు. డిసెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కో మీద సగం ఆట అయ్యేసరికి 35-7తో ముందున్నారు. ఇంకేం, గెలిచేసినట్టే అనుకున్నారంతా. అదనపు సమయంలో 38-35తో ఓడారు. సెయింట్స్ అంటే సాధువులు. అభిమానులు ఆ పేరులో మొదటి అక్షరం తీసేసి ‘ఎయింట్స్’ అని పిలవడం మొదలెట్టారు, అంటే ‘కాదు, లేదు’ అనే మోటు మాట. ఈ జట్టు మాదని చెప్పుకోవడానికి సిగ్గేసి కళ్లకు కన్నాలు పెట్టిన కాగితం సంచులు నెత్తిన తగిలించుకుని స్టేడియానికి వచ్చేవాళ్లు. ఆ ఏడాది గెలిచిన ఒకే ఒక్క ఆట న్యూయార్క్ జెట్స్ మీద. తేడా మళ్లీ ఒక్క పాయింటే, ఈసారి తమవైపు. అదే ఏడాది ఆర్చీ 23 టచ్‌డౌన్లు విసిరాడన్నది ఎవరికి గుర్తుంటుంది?

స్టాండ్స్‌లో ఒలీవియా నిండు గర్భిణి. పక్కన ఆరేళ్ల కూపర్, నాలుగేళ్ల పేటన్. చుట్టూ వేలమంది ‘బూ’ అని గేలి చేస్తున్నారు. వాళ్లు అరుస్తున్నది ఎవర్నో ఆ పిల్లలకేం తెలుసు! అమ్మా, మేమూ అరవొచ్చా అని అడిగారట. ఆ కుటుంబం ఈ ముచ్చటను తర్వాత్తర్వాత నవ్వుతూనే చెప్పుకుంది. ఆ రోజు ఆ తల్లికి నవ్వొచ్చి ఉంటుందనుకోలేం.

సీజన్ ముగిసిన రెండు వారాలకు, 1981 జనవరి 3న మూడోవాడు పుట్టాడు. వాడికి ఈలైషా అని పేరు పెట్టారు. అది ఆర్చీ తండ్రి బడ్డీ అసలు పేరు. మనం తాత పేరు మనవడికి పెట్టుకున్నట్టే. ఆ పేరే తర్వాత లోకానికి ఈలై అయింది.

ఆట అయ్యాక స్టేడియం ఖాళీ అవుతుంది కదా, అప్పుడు పెద్ద పిల్లలిద్దరూ మైదానంలోకి దిగేవాళ్లు. ఆటగాళ్లు కాళ్లకూ చేతులకూ చుట్టుకుని విప్పి పారేసిన టేపును ఉండచుట్టి బంతిలా విసురుకునేవాళ్లు. తండ్రి లోపల విలేకరులకు ఆ వారం ఎందుకు ఓడారో చెబుతుండేవాడు. తర్వాత బయటికొచ్చి, ఇంకా మిగిలిన నలుగురికీ సంతకాలు పెట్టేవాడు. అప్పుడు అందరూ కలిసి ఇంటికి. ఓటమి కారెక్కేది కాదని కాదు. ఎక్కినా పిల్లల పక్కన కూర్చునేది కాదు.

పిల్లల్ని దగ్గరికి తీసుకోవడం, ప్రేమ ఉందని నోరు తెరిచి చెప్పడం, వాళ్ల ఆటలకు తప్పకుండా వెళ్లడం... ఈ మూడింటి విషయంలో ఆర్చీ తన తండ్రిలా ఉండకూడదని పట్టుబట్టాడు. తండ్రి మీద కోపంతో కాదు. బడ్డీ గురించి ఎప్పుడు మాట్లాడినా ప్రేమగానే మాట్లాడాడు. తనకు దొరకనిది పిల్లలకు దొరకాలనుకున్నాడు, అంతే. డాక్యుమెంటరీలో చూపించిన ఇంటి వీడియోల్లో కనిపించేది కూడా అదే. ముగ్గురు పిల్లలు, వాకిట్లో బంతి, వాళ్లతో సమానంగా పరిగెడుతున్న తండ్రి.

1982లో సెయింట్స్ ఆయన్ని హ్యూస్టన్‌కు ఇచ్చేసింది. అక్కణ్నుంచి మినెసోటా. 1984తో ఆట ముగిసింది. కాపురానికి మాత్రం తనను గేలి చేసిన న్యూ ఓర్లీన్స్‌నే ఎంచుకున్నాడు. పైగా అదే సెయింట్స్ ఆటలకు రేడియోలో వ్యాఖ్యానం కూడా చెప్పాడు!

పెద్దవాడి ఉత్తరం

ఇంట్లో అసలైన దెబ్బ తగిలింది స్టేడియంలో కాదు.

ముగ్గురిలో సరదా మనిషి కూపర్. పొడగరి, బంతి ఎటు విసిరినా పట్టేవాడు. న్యూ ఓర్లీన్స్‌లోని ఇసిడోర్ న్యూమన్ స్కూల్లో 1991లో అన్నదమ్ములిద్దరూ ఒకే జట్టుకు ఆడారు. పదో తరగతి పేటన్ విసిరేవాడు, పన్నెండో తరగతి అన్న పట్టేవాడు. తండ్రికి తన జీవితంలో అంత ఆనందమిచ్చిన ఫుట్‌బాల్ ఏడాది మరొకటి లేదంటే నమ్మొచ్చు.

తండ్రి చదివిన ఓల్ మిస్‌కే కూపర్ వెళ్లాడు. అప్పటికే చేతివేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి, కుడిచేతి కండ తగ్గుతోంది. 1992లో డాక్టర్లు విషయం తేల్చారు. వెన్నుపాము వెళ్లే దారి పుట్టుకతోనే సన్నగా ఉంది. ఇన్నాళ్లూ ఆడుతూ కూడా మంచానపడకపోవడమే అదృష్టమట. పద్దెనిమిదేళ్లకే ఆట ఐపోయింది. మరుసటి ఏడాది ఆపరేషన్. దాని తర్వాత మళ్లీ నడక నేర్చుకోవాల్సి వచ్చింది. తమ్ముళ్లిద్దరికీ పరీక్షలు చేయించారు. వాళ్లు ఆడొచ్చన్నారు.

అప్పుడు కూపర్ తమ్ముడికి ఒక ఉత్తరం రాశాడు. నా కలను ఇకమీదట నీ ఆటలో చూసుకుంటాను, ఈ ఆటను తేలిగ్గా తీసుకోకు, అన్నది దాని సారాంశం. పేటన్ ఆ ఉత్తరాన్ని దాచుకున్నాడు. స్కూల్లో అన్న వేసుకున్న 18 నంబరు చొక్కా వేసుకున్నాడు. తర్వాత ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అడుగుపెట్టినప్పుడూ ఆ అంకెనే తీసుకున్నాడు. అన్నదీ అదే అంకె, నాన్నదీ అదే.

ఇక్కడ ఆర్చీ స్థానంలో ఉంటే ఎందరు తండ్రులు రెండోవాణ్ని మైదానానికి పంపేవాళ్లు? ఇంకో కొడుకు కూడా ఉన్నాడు వెనకాల. ఈ ప్రశ్నకు సమాధానం ఎవరింట్లో వాళ్లు చెప్పుకోవాల్సిందే. 2011లో పేటన్ మెడకు ఆపరేషన్లు జరిగి ఏడాదంతా ఆటకు దూరమైనప్పుడు, వెన్ను, మెడ అనే మాటలు ఆ ఇంట్లో ఇరవై ఏళ్ల తర్వాత మళ్లీ వినిపించాయి.

పేటన్ కాలేజీ ఎంచుకునే సమయం వచ్చింది. అన్నీ ఓల్ మిస్ వైపే మొగ్గుతున్నాయని మిసిసిపీ మొత్తం నమ్మింది. చిన్నప్పుడు తండ్రి ఆటల రేడియో టేపులు పెట్టుకుని పదేపదే విన్న పిల్లాడాయె. అతను టెనెసీ యూనివర్సిటీని ఎంచుకున్నాడు. అంతే! ఒకప్పుడు నెత్తిన పెట్టుకున్న మనిషికే జనం కోపంగా ఉత్తరాలు రాశారు. కొడుక్కి ఆ మాత్రం చెప్పుకోలేవా అన్నారు. ఆర్చీ చెప్పలేదు. డాక్టరు కొడుకు డాక్టరే కావాలి, అదీ నాన్న చదివిన కాలేజీలోనే అని పట్టుబట్టే ఇళ్లు మనకు కొత్త కాదు. ఆయన ఆ పని చెయ్యలేదు.

పదేళ్ల తర్వాత ఇదే మనిషిని లోకం ఎదురు ప్రశ్న అడిగింది. 2004లో ఈలైని మొదటి ఎంపికగా తీసుకోవడానికి శాన్‌డియాగో సిద్ధమైంది. అప్పటికి ఓడుతూ వస్తున్న జట్టది. అక్కడ ఆడటం ఇష్టంలేదని మానింగ్ కుటుంబం ముందే చెప్పేసింది. అయినా ఎంపిక చేసి, కాసేపటికే న్యూయార్క్ జెయింట్స్‌కు మార్చేశారు. తండ్రే వెనకుండి నడిపించాడని పత్రికలు దుమ్మెత్తిపోశాయి. నిర్ణయం ఈలైదేనని ఆర్చీ చెబుతూ వచ్చాడు. ఏది ఎంత నిజమైనా, పదకొండేళ్లపాటు ఓ పాడు జట్టులో ఒళ్లు హూనం చేసుకున్న తండ్రి ఆ పూట నోరు మూసుకుని కూర్చోవాల్సిందని అనడం కష్టం. శాన్‌డియాగో అభిమానుల వైపు నుంచి చూస్తే వాళ్ల కోపమూ తప్పు కాదు.

తర్వాతి కథ అందరికీ తెలిసిందే కాబట్టి వేగంగా చెప్పుకోవచ్చు. 2007 ఫిబ్రవరిలో పేటన్ ఇండియానాపొలిస్‌కు సూపర్‌బౌల్ తెచ్చాడు. సరిగ్గా ఏడాదికి, అప్పటిదాకా ఓటమే ఎరగని న్యూ ఇంగ్లండ్‌ను ఈలై జట్టు 17-14తో ఓడించింది. వరస ఏళ్లలో అన్నదమ్ములిద్దరూ సూపర్‌బౌల్ ఉత్తమ ఆటగాళ్లు. 2012లో ఈలై, 2016లో పేటన్ మరోసారి సూపర్‌బౌల్ గెలిచారు. అన్నదమ్ములు ఎదురెదురుగా ఆడింది మూడుసార్లు. మూడూ అన్నే గెలిచాడు. అలాంటి రోజున తల్లిదండ్రులు ఎవరికి చప్పట్లు కొట్టాలి?

అయితే అంతకంటే చిత్రమైన రోజు 2010 ఫిబ్రవరి 7. మయామీలో సూపర్‌బౌల్. ఒకవైపు పేటన్ జట్టు. రెండోవైపు... న్యూ ఓర్లీన్స్ సెయింట్స్. ఔను, ఆ సెయింట్సే. కాగితం సంచుల సెయింట్స్. నాలుగున్నరేళ్ల క్రితం కట్రీనా తుపాను ముంచేసిన ఊరి జట్టు. తన వయసంతా ధారపోసినా ఆర్చీ అందించలేని కప్పు కోసం ఊరు ఊరంతా ఒకపక్క ఎదురుచూస్తోంది. అడ్డంగా నిలబడింది తన కొడుకు. ఆర్చీ కొడుకు వైపే ఉన్నాడు. అందులో దాచుకోవడానికేముంది? ఆట చివర్లో పేటన్ విసిరిన బంతిని సెయింట్స్ ఆటగాడొకడు మధ్యలోనే అందుకుని 74 గజాలు పరిగెత్తి పాయింట్లు చేశాడు. 31-17. న్యూ ఓర్లీన్స్ వీధుల్లో ఆ రాత్రి పండగే పండగ. ఆ ఊళ్లోనే ఇల్లున్న ఆర్చీ తిరిగి వెళ్లాల్సింది ఆ పండగలోకే.

2021 ఆగస్టులో పేటన్ పేరు ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి చేరింది. వేదిక మీద తనను పరిచయం చెయ్యడానికి అతను ఎంచుకున్నది నాన్ననే. ఆ హాల్‌లో ఆర్చీకి చోటు లేదు. 35-101-3తో అది కుదిరే పని కాదు. ఈలై రికార్డు చూస్తే ఇంకో వింత. 117 గెలుపులు, 117 ఓటములు. తండ్రి బాకీలో సగం, అన్న సంపాదనలో సగం కలిపి పంచుకున్నట్టుంటుంది.

1996 నుంచి తండ్రీకొడుకులు కలిసి వేసవిలో హైస్కూలు పిల్లలకు శిబిరం నడుపుతూ వస్తున్నారు. ఆటకు దూరమైన కూపర్ కూడా అందులో ఉంటాడు. అతను న్యూ ఓర్లీన్స్‌లోనే వ్యాపారంలో స్థిరపడ్డాడు. పెళ్లయింది, పిల్లలు. పెద్దకొడుక్కి వాళ్ల నాన్న పేరు పెట్టుకున్నాడు. ఆర్చిబాల్డ్. అందరికీ ఆర్చ్. ఆ స్కూల్లోనే చదివాడు, బాబాయిల రికార్డులు దాటాడు. అక్కణ్నుంచి టెక్సస్ యూనివర్సిటీకి వెళ్లి రెండేళ్లు వంతు కోసం ఆగాడు.

2025లో ఆ వంతు వచ్చింది. సీజన్ మొదలవ్వకముందే దేశంలోని పత్రికలన్నీ ఆ కుర్రాణ్ని ఆకాశానికెత్తేశాయి. ఆగస్టు 30న మొదటి ఆట, ఓహైయో స్టేట్ మీద, వాళ్ల గడ్డ మీద. లక్షకు పైగా జనం. ఆర్చ్ సరిగా ఆడలేదు. టెక్సస్ 14-7తో ఓడింది. ముందురోజు దాకా పొగిడినవాళ్లే ఆ సాయంత్రం నవ్వారు. ఆట అయ్యాక ఆ కుర్రాడు విలేకరుల ముందు కూర్చుని, నేను ఆడాల్సినంత బాగా ఆడలేదు అని ఎవరి మీదా నెట్టకుండా చెప్పాడు.

అప్పటికి తాతకు 76 ఏళ్లు.

తర్వాతి శనివారం శాన్‌హోసే స్టేట్‌తో ఆట. అది 38-7తో గెలిచారు.